ఇంట లేనని చెప్పుము

వేదపఠనము: మత్తయి 5:33-37

తెలుగు కుటుంబములు తరతరములుగా నివసించుచున్న జంషెడ్‌పూరులో టెల్కో కాలనీ కలదు. 1945లో స్థాపితమైన టెల్కో సంస్థ 2003లో టాటా మోటార్స్‌గా పేరు మార్చుకొన్నను, కాలనీకి పాత పేరే నిలిచియున్నది. రాత్రి షిఫ్టు ముగించుకొని వచ్చిన కార్మికునికి పగలే నిద్రవేళ. ఆ వేళ ఫోను మ్రోగును. అప్పు కావలెనా, బీమా కావలెనా అని ఎవరో అడుగుదురు. విసిగిన తండ్రి కన్నులు తెరువకయే, "నేను ఇంట లేనని చెప్పుము" అనును. బాలుడు అట్లే చెప్పును.

అపరిచితుని పిలుపు నిద్రను మాత్రమే హరించినది. తండ్రి మాటయైతే బిడ్డ నోట అబద్ధమును నాటినది. సండే స్కూలులో ఏడాదిపాటు నేర్చిన పాఠము ఒక్క నిమిషములో చెరిగిపోవును. మరికొందరు అబద్ధమాడరు గాని దూషింతురు. సాయంకాలమున అదే నోటితో కుటుంబ ప్రార్థన చేయుదురు. యాకోబు తన పత్రిక 3వ అధ్యాయములో గద్దించినది ఇట్టి నాలుకనే గదా!

పిలిచినవారెవరు? జీతము కొరకు, చేతికిచ్చిన జాబితాలోని నంబర్లకు దినమెల్ల ఫోను చేయుచున్న ఎవరి బిడ్డయో. ఆ బిడ్డయందును దేవుని స్వరూపమున్నది. అయినను ప్రేమ యనగా అడిగినదానికెల్ల ఒప్పుకొనుట కాదు. "నాన్నగారు నిద్రించుచున్నారు. మాకు అక్కరలేదండి, మరల చేయవద్దు" అని బాలుడు చెప్పినయెడల, అందులో అబద్ధమును లేదు, కాఠిన్యమును లేదు. ఒట్టు అక్కరలేని సూటి మాటనే ప్రభువు తన శిష్యులయొద్ద కోరెను.

న్యాయమైన ఉపాయమును కలదు. ట్రాయ్ సంస్థ 2018లో చేసిన నియమముల ప్రకారము, 1909కు తెలిపి వ్యాపార పిలుపులను నిరాకరింపవచ్చును. అటుపిమ్మటను వచ్చినయెడల ఫిర్యాదు చేయవచ్చును. బ్యాంకు పేరు చెప్పి ఓటీపీ అడుగువారు మోసగాండ్రు. అట్టి మోసములకు దేశమంతట పేరుపడిన జామ్‌తారా ఆ ఝార్ఖండ్ రాష్ట్రములోనిదే. వారికి ఏమియు తెలుపక ఫోను పెట్టివేయుట వివేకము; సొమ్ము పోయినయెడల వెంటనే 1930కి తెలుపవలెను. పావురమువంటి నిష్కాపట్యముతోపాటు సర్పమువంటి వివేకమును ప్రభువు కోరెను గదా!

ప్రియ చదువరులారా, దేవాలయములో మన స్వరము మధురముగానే యుండును. మన ముఖమునైనను చూడని అపరిచితునితో మాటలాడునప్పుడు అది ఎట్లున్నదో, ప్రక్కన నిలిచిన బిడ్డలు వినుచున్నారు.

ప్రార్థన: ప్రభువా, మా నోటికి సత్యమును, మా స్వరమునకు సాత్వికమును దయచేయుము. మా పిల్లలు మాయొద్ద అబద్ధము నేర్వకుండ మమ్మును కాపాడుము. ఆమేన్.