తిన్నగా పోవుచున్నామా?

రాయపూరునుండి జగదల్‌పూరునకు 30వ నెంబరు జాతీయ రహదారిపై దాదాపు 300 కిలోమీటర్లు. ఆ దారినే ముందుకు సాగినయెడల విజయవాడ ప్రాంతమునకు చేరుదుము. కనుక ఛత్తీస్‌గఢ్‌లో స్థిరపడిన మాబోటి తెలుగువారికి అది ఇంటిదారి.

ఆ దారిని నేనొక పాత అంబాసిడరు కారును ఏండ్ల తరబడి నడిపితిని. ఆ కార్ల తయారీ 2014లోనే నిలిచిపోయినది. ఒకనాడు రాయపూరులో మెకానిక్కు దానిని నడిపి చూచి, బండి ఎడమకు లాగుచున్న సంగతి నాకు తెలియదా అని అడిగెను. నిజముగా తెలియలేదు. అది ఎడమకు లాగినకొలది నా చేతులు కుడికి పట్టుట నేర్చుకొన్నవి. ఆ పట్టునే తిన్నదనమని నేను తలంచితిని. టైర్ల లోపలి అంచులు మాత్రము అరిగి నున్ననైనవి.

చక్రము అర డిగ్రీ ప్రక్కకు తిరిగియున్నను కిలోమీటరునకు దాదాపు 9 మీటర్లు ప్రక్కకు ఈడ్వబడును. జగదల్‌పూరు చేరునప్పటికి ఆ ఈడ్పు రెండున్నర కిలోమీటర్లు దాటును. కంటికి కనబడని వంకర ఇంత పని చేయును!

వెంటనే వీల్ అలైన్‌మెంట్ చేయుమంటిని. అతడు ఒప్పుకొనలేదు. బుష్షులు అరిగినవి, స్టీరింగు రాడ్ల కీళ్లు వదులైనవి. వాటిని మార్చక కొలత సరిచేసినయెడల అది నిలువదనెను. స్టీరింగును ఊడదీసి తిన్నగా బిగించుట సుళువే. చూపునకు బాగుండును, టైర్ల అరుగుదల మాత్రము ఆగదు.

మనస్సాక్షి నిందింపనంతమాత్రమున మనము నిర్దోషులమా? తనయందు ఏ దోషమును తనకు తోచకపోయినను అంతమాత్రమున తాను నీతిమంతుడు కాడనియు, తనను విమర్శించువాడు ప్రభువేననియు పౌలు కొరింథీయులకు వ్రాసెను. ఆమోసు ప్రవక్తకు దేవుడు మట్టపు గుండును చూపెను. గోడ తన నిటారుతనమును తానే తీర్మానింపజాలదు గదా!

జగదల్‌పూరులోనున్న నా తమ్మునితో తండ్రిగారి యింటి విషయమై మాటలు నిలిచి చాలకాలమైనది. నేను ఆరాధన మానలేదు, కానుక మానలేదు, ప్రార్థనలో అతని పేరును విడువలేదు. న్యాయము నా పక్షముననే యున్నదని నమ్మితిని. అయితే మత్తయి సువార్త 5వ అధ్యాయములో ప్రభువు మనలను బలిపీఠమునొద్దనుండి లేపి పంపునది, సహోదరునిమీద మనకున్న ఫిర్యాదునుబట్టి కాదు. మనమీద అతనికున్న ఫిర్యాదునుబట్టియే. అక్కడ కొలత నా చేతిలో లేదు. నా ప్రార్థనలన్నియు తిన్నగా బిగించిన స్టీరింగు వంటివి. అరిగిన కీలు మాత్రము అట్లే యుండెను.

ఇంత పాతబండికి ఇదంతయు ఏలయని అడుగవచ్చును. పాతది గనుకనే అవసరము. దేవుని చేతిలో సరిచేయబడుటకు వయస్సు అడ్డు కాదు.

బాగుచేయించిన బండిలోనే తమ్ముని యింటికి పోతిని. ఇంటి తగవు ఇంకను తీరలేదు. అయినను ఇద్దరము ఒక పంక్తిని భుజించితిమి. దారిపొడుగునను నా చేతులు మాత్రము మాటిమాటికి కుడికే పోయెను. బండి సరియైనను అలవాటు నాలో మిగిలియుండెను. కావుననే సరిచేయబడినవానికిని మెలకువ కావలెను.

ప్రియ చదువరీ, నీ చేతులు ఏ వంకరను తిన్నదనమని మోయుచున్నవి? ఆ కొలత ప్రభువునకు అప్పగించుము. ఆయన చూపిన కీలును మార్చుకొనుటకు వెనుదీయకుము.