అపరిగ్రహము - బీరువాలోని టై

1998లో హైదరాబాదునందు సైబర్ టవర్స్ ప్రారంభమైన నాటినుండి మాదాపూరు, గచ్చిబౌలి ప్రాంతములయందు సాఫ్ట్‌వేరు ఉద్యోగములతోపాటు బీరువాలును పెరిగినవి. ఇంటర్వ్యూనాడు కట్టి మరల ముట్టని టైలు, ఒక్క పెండ్లికి మాత్రమే వేసికొన్న చున్నీలు వానిలో మగ్గుచున్నవి. పతంజలి యమములలో ఐదవదిగా చెప్పిన అపరిగ్రహము, అనగా అవసరమునకు మించి కూడబెట్టకుండుట, వీనిని పారవేయుమనునా? కాదని నా తలంపు. అట్లు చేయుట మన భారమును జవహర్‌నగర్ చెత్తదిబ్బకు తరలించుటయే.

పారవేయుటకు మారుగా మరల వాడుట మేలు. బౌద్ధ భిక్షువులకు ఇన్ని వస్త్రములేలయని కౌశాంబిలో ఉదయన మహారాజు ప్రశ్నింపగా, జీర్ణించిన చీవరము (భిక్షువు వస్త్రము) పక్కదుప్పటిగా, పరుపు గలీబుగా, నేలపరుపుగా, కాలిపట్టగా, దుమ్ము దులుపు గుడ్డగా మారి, తుదకు మట్టితో కలిసి నేలను అలుకుటకు పనికివచ్చునని బుద్ధుని శిష్యుడైన ఆనందుడు బదులు చెప్పినట్లు వినయపిటకమునందున్నది. పాతచీరలతో బొంతలు కుట్టిన మన అవ్వలు దీనిని చదువకయే ఆచరించిరి.

బీరువాలోని టైని కూడ ఇట్లే మరల వాడుకొనవచ్చును. దాని వెనుకనున్న నడిమికుట్టు విప్పి, లోని దళసరి గుడ్డ తీసి ఇస్త్రీ చేసినచో, వెడల్పైన కొన కళ్లజోడు సంచికి సరిపోవును. అయితే అది ఏటవాలుగా కత్తిరించిన బట్ట గనుక లాగినకొలది సాగును, కావున అస్తరు వేసి, గుండుసూదులు గుచ్చి, నిదానముగా కుట్టవలెను. (కోడులో తప్పులు వెదకువారికి ఈ ఓర్పు కొత్త కాదు.) సంచి కుట్టుటకై కొత్త టై కొనువాడు మాత్రము తిరిగి పరిగ్రహమునందే పడును.

పాఠకులారా, ఈ ఆదివారము బీరువా తెరచి, మీకు నిజముగా కావలసినదానినే కుట్టుకొనుడు. మిగిలినవి ధరించువారికి ఒసగుడు.