అటకెక్కిన కాలు

అనగనగా ఒక చేనేత ఊరు. ఆ ఊళ్లో ఒక నేతగాడికి ఎడ్లబండి చక్రం కింద పడి కుడికాలు మోకాలి దిగువన పోయింది. పుండు మానింది, చంకకర్రతో నడక కుదిరింది. కుదరనిదల్లా మగ్గమే. గుంట మగ్గం రెండు కాళ్ల పని. గుంటలోకి కాళ్లు దించి రెండు తొక్కుడు చెక్కల్ని మార్చి మార్చి తొక్కితేనే పడుగు పైకీ కిందికీ విడుతుంది, నాడె పరిగెత్తడానికి సందు దొరుకుతుంది.

సంగతి జమీందారు చెవిన పడింది. దయగల మనిషే. పట్నం నుంచి పేరున్న పనివాణ్ణి పిలిపించి టేకుతో కాలు చేయించాడు. అయిదు వేళ్లూ గోళ్లతో సహా చెక్కించాడు. నిగనిగలాడేలా వార్నీషు పూయించాడు. మేళతాళాలతో ఊరేగించి తెచ్చి తొడిగించాడు. ఊరంతా చప్పట్లు కొట్టింది.

మర్నాడు నేతగాడు ఆ కాలిని గుంటలో దించాడు. చీలమండ వంగదు. పాదం చెక్కమీద జారిపోతుంది. ఆనిందో లేదో కూడా తెలియదు. పొద్దు తిరిగేసరికి తొడుగు అంచు ఒరుసుకుని మొండికాలి చర్మం రేగింది. వారం తిరక్కుండా టేకు కాలు అటకెక్కింది.

ఒకరోజు జమీందారు అటువైపు వచ్చి, అటకమీది కాలును చూసి చిన్నబుచ్చుకున్నాడు. "ఏమయ్యా, నచ్చలేదా?"

"మహా బాగుంది దొరా. కాకపోతే దానికి మా ఇంట్లో పనేమీ లేదు."

ఆ నెలలోనే తలుపు బాగుచేయడానికి ఊరి వడ్రంగి వచ్చాడు. తలుపు పని అయిపోయినా వెళ్లకుండా మగ్గం గుంట పక్కనే చతికిలబడి, నేతగాడు ఎడమకాలిని ఒక చెక్క మీంచి రెండో చెక్క మీదికి ఈడ్చుకోవడం చూస్తూ కూర్చున్నాడు.

"కాలు చేసిపెట్టనా మావా?"

"కాలెందుకు ఆచారీ, ఉందిగా అటకమీద! నడవడానికి కర్ర చాలు. నాకు ఆడాల్సింది మగ్గం."

వడ్రంగి రెండు చెక్కలూ ఊడదీసి, నడుమ ఇరుసు పెట్టి ఒకే పలక బిగించాడు. కుట్టుమిషను తొక్కుడులాగా, వేళ్లతో నొక్కితే ఒక తాడు, మడమతో నొక్కితే రెండో తాడు లాగుతుంది. మొదటిరోజు సందు సరిగ్గా విడలేదు. "మడమకున్న బలం వేళ్లకు లేదు, ఇరుసు మడమ వైపు జరుపు" అన్నాడు నేతగాడు. జరిపితే వెనక తాడు తక్కువ లాగింది. వడ్రంగి పలకను వెనక్కి జానెడు పొడిగించాడు. ఆ సాయంత్రానికి నాడె చప్పుడు వీధి చివరిదాకా వినిపించింది.

నీతి: పనిముట్టు మనిషికి ఒదగాలి, మనిషి పనిముట్టుకు కాదు. ఏం కావాలో వాడేవాణ్ణే అడగాలి.

ఇది కట్టుకథే. ఇలాంటి నిజకథ మాత్రం జైపూర్‌లో జరిగింది. అప్పట్లో వాడుకలో ఉన్న విదేశీ నమూనా పాదానికి బూటు తప్పనిసరి. దానితో గొంతుకు కూర్చోలేరు, బాసింపట్టు వేయలేరు. పొలం బురదలో దిగేవాడికీ, నేలమీద కూర్చుని తినేవాడికీ అదేం పనికొస్తుంది? చాలామంది దాన్ని పక్కన పడేసి మళ్లీ కర్ర పట్టారు. 1968లో సవాయ్ మాన్‌సింగ్ ఆస్పత్రి సర్జన్ పి.కె. సేఠీ, పెద్ద చదువులు లేని శిల్పి రామచంద్ర శర్మ కలిసి రబ్బరుతో జైపూర్ పాదం తయారుచేశారు. బూటు అక్కర్లేదు, చెప్పుల్లేకుండా నడవొచ్చు, కింద కూర్చోవచ్చు. 1981లో సేఠీకి మెగసెసే పురస్కారం వచ్చింది. ఆ పేరుతోపాటు శర్మ పేరు కూడా జనానికి అంతే తెలిసి ఉంటే బాగుండేది. అదే పాదంతో మళ్లీ నాట్యం చేసిన సుధా చంద్రన్‌ను మన తెలుగువాళ్లు 'మయూరి' సినిమాలో చూశారు. తన కథలో తనే నటించింది.

కథలోని జమీందారును తిట్టుకోనక్కర్లేదు. డబ్బిచ్చాడు, మనసు పెట్టాడు, అడగడం ఒక్కటే మరిచాడు. ఇవాళ ఆ మరుపు ఇంజనీరింగ్ కాలేజీల్లో కనిపిస్తుంది. సైగల్ని మాటలుగా మార్చే చేతితొడుగులు ఎన్ని ప్రాజెక్టుల్లో చూడలేదు! సైగభాషలో చేతులతోపాటు ముఖకవళికలూ అర్థం చెబుతాయి. వాటిని తొడుగు ఎలా పట్టుకుంటుంది? ఆ మాట బధిరులు చెబుతూనే ఉన్నారు.

అధ్యాపకులకు ఒక మనవి. ఈసారి వైవాలో ఇలాంటి పరికరం బల్లమీదికి వస్తే, అందులో ఏ సెన్సరు వాడారన్న ప్రశ్న తర్వాత అడగండి. ఇది ఎవరి కోసం చేశారో, ఆ మనిషి దీన్ని ఎన్నాళ్లు వాడారో ముందు అడగండి. వీలైతే ఆ మనిషినే పిలిచి మార్కులు వేయించండి.