తరుగునది – తరుగనిది

ధర్మవరం, పెనుకొండలకు చేరువనే రామగిరి కలదు. అచ్చటి గనులలో త్రవ్విన బంగారము మరల మొలవలేదు. 2001లో ఆ గనులు మూతపడినవి. ఆ ప్రాంతపు కొండలమీదనే 1990వ దశకమున విద్యుత్తుకై గాలిమరలు వెలసినవి.

బొగ్గును బంగారమువంటిదే. కాల్చినది తిరిగి రాదు. మనుమల సొత్తును తాతలు వెచ్చించుటయే యది. గాలి, ఎండ మాత్రము భగవంతుడు నిత్యము వడ్డించు ప్రసాదములు.

అట్లని ప్రసాదమును పారవేయవచ్చునా? గాలి తరుగకున్నను మరకు వలయు ఇనుము తరుగును, కొండమీది పచ్చికబీడు తరుగును. దేవతలిచ్చినదానిని వారికి సమర్పింపక అనుభవించువాడు చోరుడని గీతాచార్యుని హెచ్చరిక. మితమే ఇచ్చట సమర్పణము.

కావున హిందూపురముననైనను, మరి యెచ్చటనైనను, పూజామందిరమున దీపము వెలిగించిన చేతితోనే వసారాలో వృథాగా వెలుగు విద్యుద్దీపమును ఆర్పుటయు ఆరాధనయే.