తుపాను వేళ తల్లి ప్రార్థన



నెల్లూరు జిల్లా పడమటి మెట్టకు కార్తికమాసము రెండు ముఖములతో వచ్చును. నైరుతి ఋతుపవనము ఈ సీమకు పెట్టునది స్వల్పము. ఉదయగిరి కొండల క్రింది చెరువులును, ఆత్మకూరు చుట్టుపట్ల కుంటలును నిండుట తూర్పు సముద్రమునుండి ఆశ్వయుజ కార్తికములలో వచ్చు వానలచేతనే. ఆ వానలలో పెద్దవి తరచుగా తుపానును వెంటబెట్టుకొని వచ్చును. కావున బంగాళాఖాతమున వాయుగుండము పడినదని రేడియో చెప్పగానే మెట్టరైతు ఆకాశమువంక ఆశతో చూచును. ఆ యింటనే, కూతురును కావలి దిక్కున సముద్రపుటొడ్డు గ్రామమునకిచ్చిన యిల్లాలు అదే ఆకాశమును చూచి గుండె పట్టుకొనును. మబ్బు ఒక్కటే, నిలుచున్న అరుగు ఒక్కటే, మనస్సులు మాత్రము రెండు.

1989 నవంబరు 8వ తేదీ రాత్రి అట్టిది. ‘గే’ అని పేరొందిన ఆ తుపాను థాయిలాండు సముద్రమున పుట్టి, 4వ తేదీన ఆ దేశపు చుంఫోన్ ప్రాంతమును ధ్వంసము చేసి, వందలమందిని బలిగొని, భూమిని దాటి మన బంగాళాఖాతములో ప్రవేశించినది. అక్కడ మరల బలము పుంజుకొని తిన్నగా కావలి యొద్ద తీరమును తాకినది. గాలి వేగము గంటకు రెండువందల కిలోమీటర్లకు మించినది.

ఆ రాత్రి ఉదయగిరిలో ఒక తల్లి ద్వారబంధము పట్టుకొని నిలుచున్నదని ఊహింపుడు. కావలి తూర్పున ఒక పూట ప్రయాణమైనను లేదు. కాని చెట్లు కూలి, తీగలు తెగిన రాత్రి ఆ దూరము కాశికన్న మిక్కుటము. అరచేత ఇష్టలింగమున్నది, దృష్టి దానిపై నిలువదు, గాలి విసరినప్పుడెల్ల తూర్పునకు పోవును. ఇరుగుపొరుగు పెద్దలు “శివునాజ్ఞ లేనిదే చీమయైనను కుట్టదు గదా, దిగులెందుకమ్మా?” అందురు. మాట మంచిదే. చెప్పువారి బిడ్డ మాత్రము ఆ రాత్రి ఒడ్డున లేదు! 1977 నవంబరు 19న దివిసీమలో వేలాది జనులు ఉప్పెన పాలయి అప్పటికి పండ్రెండేండ్లే గడచినవి. ఆ సంగతి ఆ తల్లికి పురాణకథ కాదు.

దిగులుపడుట భక్తికి లోపమా? పాల్కురికి సోమనాథుని బసవపురాణమున బెజ్జమహాదేవి కథ చదివినవారు ఆ మాట అనజాలరు. శివునకు తల్లి లేదని ఆమె దుఃఖించినది. తల్లియే యున్నచో బిడ్డను విషము త్రాగనిచ్చునా, పాములను మెడ వేసికొననిచ్చునా, శ్మశానమున తిరుగనిచ్చునా అని తలపోసినది. సర్వలోకములను కాచువానిని గూర్చియే బెంగపడిన ఆమెను స్వామి అజ్ఞానివని గద్దింపలేదు. ఆమె చేతి సేవకు బిడ్డయై లోబడెను. కావున ఉదయగిరి తల్లి కన్నీరు అపచారము కాదు. అయితే బెజ్జమహాదేవి బెంగపడి కూర్చుండలేదు. తలంటినది, నీళ్లు పోసినది, పాలు పట్టినది.

చిక్కంతయు ప్రార్థనలో నున్నది. ఆ తల్లి నోట మొదట వచ్చు మాట యేది? “స్వామీ, ఈ గాలి కావలి మీదికి రానీయకుము.” ఇంతకన్న సహజమైన మాట లేదు. కొన్ని తుపానులు నడిసముద్రముననే నీరసించును, నిజమే. కాని గట్టు చేరవచ్చిన దానిని మరలుమన్నచో అది ఎటు మరలవలెను? ఉత్తరమునకైన ఒంగోలు దిక్కు, దక్షిణమునకైన కృష్ణపట్నము దిక్కు. అక్కడను ఒక తల్లి కన్న కూతురే ఆరిపోవు దీపమునకు చేతులడ్డము పెట్టి కూర్చున్నది. వాకిటికి వచ్చినవాని కులగోత్రములడుగక మనవాడని చేర్చుకొమ్మన్న బసవేశ్వరుని మార్గమున నడచువారు, తమ బిడ్డను తప్పించి పరుల బిడ్డపైకి గాలిని తోలుమని శివుని ఎట్లడుగగలరు?

అడుగదగినది వేరొకటి కలదు: ఆ ఒడ్డున నా బిడ్డ తలుపు తట్టువాడొకడుండవలెనని. ఆ కోరిక తీరుట మనుష్యుల కాయకమువలన. ఇంటింటికి పోయి లెండని చెప్పిన గ్రామసేవకుడు, పాఠశాల తాళము తీసిన ఉపాధ్యాయుడు, వృద్ధులను భుజముపై మోసిన బెస్తవాడు – వీరి పని పడవ నడపిన శరణుడు అంబిగర చౌడయ్య కాయకమునకు తీసిపోవునా? దివిసీమ పిమ్మట తీరమున తుపాను ఆశ్రయములు కట్టబడెను, హెచ్చరికలును మెరుగుపడెను. 1989లో అంతటి గాలికిని మన రాష్ట్రమున పోయిన ప్రాణములు దివిసీమ నష్టముతో పోల్చిన మిక్కిలి తక్కువ. తీరపు తీరు వేరు కావచ్చును. అయినను తట్టబడిన తలుపులను లెక్కలోనికి తీసికొనక తప్పదు.

ఎవరో అక్కడ తన బిడ్డకు చేయవలెనని కోరినది తాను ఇక్కడ ఒకరికి చేయుటయే దాసోహము. బస్సు కదలక ఆత్మకూరులోనో ఉదయగిరిలోనో చిక్కుకొన్న బాటసారి ఆ రాత్రి జంగముడే. ఎసరు పెట్టిన చేతులు వణకవచ్చును, వణకనిండు.

నేటి తల్లిదండ్రుల కష్టము మరియొక తీరుది. 2017 ఆగస్టున హార్వీ అను హరికేను వచ్చి హ్యూస్టను నగరమును ముంచినప్పుడు, 2023 డిసెంబరున మిచాంగ్ తుపాను చెన్నైని ముంచి బాపట్ల యొద్ద తీరము దాటినప్పుడు, సెల్‌ఫోను తెరమీద గాలిసుడి తిరుగుట ఇంటనుండియే కనబడెను. కనబడినంతమాత్రమున దిగులు తగ్గదు, ఇనుమడించును. అట్టివేళ గడియకొకమారు పిలిచి బిడ్డల ఫోనులోని కొద్దిపాటి ఛార్జీని హరించుట ప్రేమ కాదు. క్షేమమని ఒక్క మాట వ్రాయుమని చెప్పి, అది వచ్చువరకు ఓర్చుకొనుట కష్టమైన తపస్సే.

ఉదయగిరి తల్లికి ఆ సదుపాయమును లేదు. తెల్లవారుజామున గాలి తగ్గి వాన నిలుకడగా కురియుచుండగా భర్త చెరువుకట్ట మీదినుండి తడిసి వచ్చెను. అలుగు పారుచున్నదను మాట నోటిదాక వచ్చినది. గిన్నెడు గంజి బాటసారి ముందుంచి కావలి బాటవంక చూచుచున్న ఆమె ముఖము కనబడగానే, ఆ మాట చెప్పక, ప్రక్కనే అరుగుమీద కూర్చుండి తానును ఆ బాటనే చూడసాగెను.