కృష్ణసారము సంచరించు నేల

కృష్ణసారమను జింక ఏ నేలపై తనంత తానుగా సంచరించునో ఆ నేల యజ్ఞార్హమని మనుస్మృతి చెప్పుచున్నది. ఉపనయనమున యజ్ఞోపవీతమునకు కృష్ణాజినపు తునక కట్టించుకొన్న పెద్దలలో సయితము ఆ మృగమును కన్నులారా చూచినవారు అరుదు.

చూడగోరువారికి హైదరాబాదు నగరమునందే, విజయవాడ పోవు రహదారి చెంత, వనస్థలిపురమున మహావీర హరిణ వనస్థలి కలదు. ఒకప్పుడది నిజాము ప్రభువుల వేటస్థలము. మహావీరుని 2500వ నిర్వాణోత్సవ సందర్భమున 1975లో ఆయన పేర జింకల వనమైనది, 1994లో జాతీయోద్యానమైనది. వేటాడిన నేలయే అభయమిచ్చు నేల యగుట సామాన్య విషయము కాదు. అచట మెలితిరిగిన కొమ్ములతో, వయస్సుతోపాటు నల్లబడిన వీపుతో మగజింక గడ్డిలో నిలిచియుండగా చూచుట కన్నులపండువు.

ఇట్టి వనములకు పిల్లలతో వచ్చు గృహస్థులలో కొందరు బిస్కత్తులు, కారపు తినుబండారములు తెచ్చి జింకలకు అందింపజూతురు. కావలివారు వారించినచో నొచ్చుకొందురు. నోరులేని జీవికి పిడికెడు పెట్టుట భూతదయ కాదా యని వారి ప్రశ్న. త్రోసివేయదగిన ప్రశ్న కాదు. ఆవుకు గ్రాసము పెట్టి, కాకికి ముద్ద వేసి పెరిగిన చేయి అది.

అయితే ఆవు మన కట్టుకొయ్యకు కట్టుబడినది. దాని ఆకలి మన బాధ్యత. జింక ఎవరి కొయ్యకును కట్టుబడినది కాదు. గడ్డి మేయు జీవికి ఉప్పుకారములు హితము గావు. అంతకంటె పెద్ద కీడు మరియొకటి. చేతికూటికి మరిగిన జింకకు మనుష్యుని యెడ బెదురు పోవును. ఆ బెదురే దానికి కవచము. కంచె యొద్దకు బిస్కత్తు కొరకు వచ్చి నిలుచు మృగము తనంత తానుగా సంచరించుచున్నదని చెప్పుటెట్లు? చుట్టును గోడ యున్నది కదా యనవచ్చును. ఆ గోడ లేనిచో ఇండ్లస్థలములు మిగులును గాని జింకలు మిగులవు.

భాగవతమున భరతుని కథ తెలియనివారుండరు. సింహగర్జనకు బెదరిన తల్లి గర్భమునుండి జారి ఏటిలో పడిన లేడిపిల్లను ఆయన ఎత్తి రక్షించెను. అది దోషము కాదు. ఆ పిల్లకు వేరు దిక్కు లేదు. పిదప అది కనబడని గడియ ఓర్వలేక, పూజ విడిచి వెదకుచు తిరుగుట యందు దోషము కలదు. అప్పటికి లేడికి ఆయన అవసరము తగ్గినది, ఆయనకే లేడి అవసరమైనది. వనస్థలిలోని జింకకు తల్లియు మందయు పచ్చికయు కలవు. భరతునికున్న కారణము సయితము సందర్శకునికి లేదు.

మరుజన్మమున లేడియై పుట్టిన భరతుడు పూర్వస్మృతి కలవాడై, మందను విడిచి పులహాశ్రమము చేరి, ఎండుటాకులు మేయుచు ఒంటరిగా కాలము గడపెను.