ఓర్పు వేరు, ఉపేక్ష వేరు
ఫిల్మ్‌నగర్‌లో మోకాలు మెలితిరిగిన ఫైటర్ నొప్పిని దిగమింగి షాట్ పూర్తిచేస్తే దాన్ని తపస్సని మెచ్చుకుంటాం. కానీ దెబ్బ తగిలిన 2 గంటల్లోనే మోకాలు ఉబ్బితే కీలులో రక్తం చేరిందని అనుమానించాలి. చాలాసార్లు మోకాలి లోపలి ఏసీఎల్ లిగమెంటు తెగి ఉంటుంది. ఎక్స్‌రే ఎముకనే చూపుతుంది, లిగమెంటు సంగతి ఎంఆర్‌ఐ తేలుస్తుంది. కీలు నుంచి సిరంజితో తీసిన రక్తంపై కొవ్వు చుక్కలు తేలితే ఎముక విరిగిందేమో చూడాలి. పొగను బట్టి నిప్పును తెలుసుకోమన్న న్యాయదర్శనం దారి ఇదే.

సుఖదుఃఖాలను ఓర్చుకోమని గీత చెప్పలేదా అనవచ్చు. చెప్పింది, కానీ శరీరాన్ని పీడించే తపస్సు ఆసురమని 17వ అధ్యాయంలో అదే గీత అంది. ఫైటర్‌కు రోజు కూలి పోతుందన్న భయమూ నిజమే. ఆ భారం నిర్మాత మోయాలి. వాచిన మోకాలితో మరో టేక్ అడగకండి. జూబ్లీహిల్స్‌లోనే ఆసుపత్రులున్నాయి, ముందు అక్కడికి పంపండి.